ఓపెన్‌కాస్ట్ క్యాంపులో ఆయిల్ పట్టిన మట్టి: టెస్టులు ఏం చేయించాలి, ఎక్కడికి పంపాలి?

ఓసీ_పర్యావరణం
ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో ఓబీ (బొగ్గు మీద ఉండే మట్టి, రాళ్లు) తీసే ఒక కాంట్రాక్టు కంపెనీలో పర్యావరణం, సేఫ్టీ రెండూ నేనే చూస్తున్నాను. కాంట్రాక్టు ముగింపుకొచ్చింది. క్యాంపు స్థలం ఖాళీ చేసి గని యాజమాన్యానికి అప్పజెప్పాలి. డీజిల్ బంకు ఉన్న చోటా, డంపర్లు, డోజర్లు రిపేరు చేసిన షెడ్డు చోటా నేలంతా జిడ్డు. జేసీబీతో పైపైన గీకితేనే రెండు టిప్పర్లకు మించి మట్టి వచ్చింది. గుంతలో ఇంకా డీజిల్ వాసన కొడుతోంది.

మా ప్రాజెక్టు మేనేజర్ ఏమంటాడంటే, "ఓబీ డంపు మీద పోసి పైన ఇంకో లిఫ్టు (పొర) కప్పేయ్, అంత మట్టిలో ఈ రెండు బండ్లు ఎవరికి కనపడతాయి" అని. నాకు మనసొప్పడం లేదు. డంపు కిందనే వాగు ఉంది. వానలు దగ్గరపడ్డాయి, టెన్షన్‌గా ఉంది. ఏ టెస్టులు చేయించాలి, శాంపిల్ ఎలా తీయాలి, చివరికి ఎక్కడికి పంపాలి? ఈ పని నిజంగా చేసినవాళ్లు చెప్పండి.

బెంచి_బాబాయ్
ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను తమ్ముడూ, అందరూ చేసేది మీ మేనేజర్ చెప్పిందే. కోట్ల క్యూబిక్ మీటర్ల ఓబీలో నలభై టన్నుల మట్టి ఒక లెక్కా? పైగా మైనింగ్ వేస్ట్ ప్రమాదకర వ్యర్థాల కిందికి రాదని రూల్స్‌లోనే ఉంది.

ఫారం_పది
బాబాయ్, ఆ మినహాయింపు దీనికి వర్తించదు. 2016 ప్రమాదకర వ్యర్థాల రూల్స్‌లో బూడిద, ఫాస్ఫోజిప్సం, ఎర్ర బురద, మైన్ టెయిలింగ్స్, ఖనిజం శుద్ధి చేయగా మిగిలే రిజెక్ట్స్ లాంటి వాటిని విడిగా పెట్టారు. అవి భారీ పరిమాణం, తక్కువ ప్రభావం అన్న లెక్కలో బయట ఉన్నాయి. వర్క్‌షాపులో ఆయిల్ కారి పాడైన మట్టి ఆ జాబితాలో లేదు. దాని చోటు షెడ్యూల్ 1లో 5వ నంబరు. యంత్రాల్లో లూబ్రికెంట్‌గా, హైడ్రాలిక్స్‌లో ఆయిల్ వాడే పనుల నుంచి వచ్చేవన్నీ అక్కడే. 5.1 వాడేసిన ఆయిల్, 5.2 ఆయిల్ కలిసిన వ్యర్థాలు. మట్టి, కాటన్ వేస్టు, రంపపు పొట్టు, ఆయిల్ ట్రాప్‌లో తోడిన బురద అంతా 5.2 కింద రాయాల్సిందే.

డోజర్_అన్న
అంటే గనిలో నేల మీద చుక్క పడితే అదీ హజార్డసేనా? మాకు రోజూ హోసులు పగులుతాయి. షవల్ హైడ్రాలిక్ హోసు పోతే లీటర్లు కాదు, డ్రమ్ములే పోతాయి. బెంచి మీదే కదా పడేది.

ఫారం_పది
షెడ్యూల్ 1 చివర ఒక గమనిక ఉంది, చాలామంది చదవరు. జాబితాలో ఉన్నంత మాత్రాన అంతా ముగిసిపోయినట్టు కాదు. షెడ్యూల్ 2 పరిమితుల ప్రకారం టెస్టు చేయించి, ఇది ప్రమాదకరం కాదని నిరూపించుకునే అవకాశం ఇచ్చారు. షెడ్యూల్ 2 క్లాస్ బిలో టీపీహెచ్, అంటే మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు, సి5 నుంచి సి36 వరకు (అణువులో 5 నుంచి 36 కార్బన్లు ఉన్నవి), కిలోకు 5,000 మిల్లీగ్రాములు. క్లాస్ ఎలో టీసీఎల్‌పీ పరిమితులు, అంటే నీళ్లలోకి దిగే లోహాలు. సీసం లీటరుకు 5 మి.గ్రా., కాడ్మియం 1, క్రోమియం 5. ఇలా ఇంకా చాలా ఉన్నాయి. అందుకే టెస్టు ముందు, వాదన తర్వాత.

ల్యాబ్_లక్ష్మి
ఇక్కడ నేను కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మా ల్యాబుకు వచ్చే మట్టి శాంపిళ్లలో చాలావరకు తీసేటప్పుడే చెడిపోయి వస్తాయి.

మొదటిది, ప్లాస్టిక్ కవర్లో పంపకండి. డీజిల్ వాసన కవర్ బయటికి వస్తోందంటే త్వరగా ఆవిరయ్యే తేలిక భాగం సగం పోయినట్టే. వెడల్పు మూతి గాజు సీసా, మూత లోపల టెఫ్లాన్ పొర ఉండాలి. సీసా నిండా కూరాలి, పైన గాలి ఖాళీ ఉండకూడదు. ఐస్ పెట్టెలో 4 డిగ్రీల దగ్గర పంపాలి. సాల్వెంట్‌తో తీసే టెస్టులకు 14 రోజుల్లోపు మొదలుపెట్టేలా చూసుకోండి.

రెండోది, కుప్ప పైపొర తీసుకోకండి. ఎండకీ గాలికీ పైన ఉన్నది ఎగిరిపోయి, లోపల ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. కుప్పను భాగాలుగా విడగొట్టి, పారతో ఒక మూరెడు లోపలికి తవ్వి తీయండి. డీజిల్ బంకు మట్టి, షెడ్డు మట్టి కలపకండి. వాటి కథలు వేరు. లోహాలకూ బరువైన ఆయిల్‌కూ నాలుగైదు చోట్ల మట్టి కలిపి ఒక శాంపిల్ చేయొచ్చు. తేలిక భాగం కోసం అలా కలపకూడదు, కలిపేటప్పుడే ఆవిరైపోతుంది.

మూడోది బొగ్గు గనులవాళ్లు తప్పక వినాలి. బొగ్గు పొడి కలిసిన మట్టిని హెక్సేన్‌తో తీసి తూకం వేసే "ఆయిల్ అండ్ గ్రీజ్" టెస్టుకు ఇస్తే, బొగ్గులోంచి కరిగేది కూడా ఆయిల్ లెక్కలో పడుతుంది. సిలికా జెల్‌తో శుభ్రం చేస్తే చెట్టూచేమా నుంచి వచ్చే కొవ్వులు పోతాయి కానీ బొగ్గు హైడ్రోకార్బన్లు పోవు. కాబట్టి ఆయిల్ ఎప్పుడూ పడని చోట, అదే రకం మట్టి, అంతే బొగ్గు పొడి ఉన్నది, ఒక శాంపిల్ తప్పకుండా తీయండి. దాన్ని పక్కన పెట్టి చూస్తేనే మీ నంబరుకు అర్థం ఉంటుంది.

ఓసీ_పర్యావరణం
మేడం, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. మా దగ్గర షెడ్డు చుట్టూ అంతా బొగ్గు దుమ్మే. మరి ఏ టెస్టు అడగాలి?

ల్యాబ్_లక్ష్మి
జీసీ-ఎఫ్ఐడీ (హైడ్రోకార్బన్లను విడదీసి కొలిచే యంత్రం) మీద టీపీహెచ్ అడగండి, క్రోమాటోగ్రామ్, అంటే అది గీసే గ్రాఫు కాగితం కూడా రిపోర్టుతో ఇమ్మనండి. అది లేకుండా ఒట్టి నంబరు తీసుకోవద్దు. డీజిల్ అయితే సుమారు సి10 నుంచి సి25 మధ్య క్రమంగా వరసగా ముళ్లు (పీక్‌లు) లేస్తాయి. ఇంజన్ ఆయిల్, హైడ్రాలిక్ ఆయిల్ అయితే దానికి కుడివైపున ముళ్లు లేని పెద్ద గుట్ట వస్తుంది. పాతబడ్డ డీజిల్‌లో ముళ్లు కరిగిపోయి కింద గుట్ట మిగులుతుంది. బొగ్గు ఒక్కటే ఉన్న శాంపిల్ ఇలా కనపడదు. చూడటం అలవాటైన కెమిస్టుకు ఆ గీత చూస్తే ఏం కారిందో అర్థమైపోతుంది.

డీజిల్ బంకు మట్టికి బీటెక్స్ (బెంజీన్, టోలీన్ వగైరా) కూడా కలపండి. షెడ్డు మట్టికి పీఏహెచ్ (పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు), టీసీఎల్‌పీ లోహాలు. వాడేసిన ఇంజన్ ఆయిల్‌లో అరిగిన లోహాలు ఉంటాయి, సంకలితాల నుంచి జింక్ వస్తుంది. బ్యాటరీలు అక్కడే విప్పితే సీసం గురించి ప్రత్యేకంగా చూడాలి.

ల్యాబుకు ఎన్ఏబీఎల్ (ల్యాబులకిచ్చే జాతీయ గుర్తింపు) ఉందా అని అడిగి ఊరుకోకండి. దాని స్కోపులో "మట్టిలో టీపీహెచ్" ఉందా అని చూడండి. నీళ్లకు గుర్తింపు ఉండి మట్టికి లేని ల్యాబులు బోలెడు.

డోజర్_అన్న
మేడం, బ్యాటరీలు అక్కడే విప్పుతారు. ప్రతి క్యాంపులోనూ.

వాగు_ఒడ్డు
నేను గని పక్క ఊరివాణ్ణి, మీ రంగం కాదు. కానీ ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయాను. గని నుంచి తోడిన నీళ్లు మా చెరువులోకి, అక్కణ్నుంచి పొలాలకు వస్తాయి. ఎండాకాలంలో ఆ నీళ్లే మాకు ఆధారం, అవి వద్దని నేను అనను. కానీ తొలకరి వానకు వాగు మీద రంగురంగుల తెట్టు తేలుతుంది. పశువులు మూతి పెట్టి వెనక్కి తిరుగుతాయి. బాబాయ్ "రెండు బండ్లు ఎవరికి కనపడతాయి" అన్న మాటకు నా జవాబు ఇదే. మాకు కనపడతాయి. ఓబీ డంపులో పోస్తే అది కిందికి దిగడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలీదు కానీ దిగేది మా వైపే.

బెంచి_బాబాయ్
ఆ మాట నాది కాదు నాయనా, అతని మేనేజర్‌ది. అయినా నువ్వు చెప్పింది కొట్టిపారేయలేను. ఒక్కటి అడుగుతాను, ఆ తెట్టు ఆయిలేనా? ఇనుము ఉన్న నీటి మీద కూడా అలాంటి మెరుపు వస్తుంది.

ల్యాబ్_లక్ష్మి
మంచి ప్రశ్న. పుల్లతో కదిపి చూడండి. ఇనుము బాక్టీరియా పొర అయితే పెంకులా ముక్కలై విడిపోయి అలాగే ఉంటుంది. ఆయిల్ అయితే విడిపోయినట్టే విడిపోయి మళ్లీ కలుసుకుంటుంది. అలా కలిస్తే నీళ్ల శాంపిల్ తీయించండి. గని బయటికి వదిలే నీళ్లలో ఆయిల్ అండ్ గ్రీజ్ లీటరుకు 10 మి.గ్రా. దాటకూడదు.

ఇదే పద్ధతి మట్టికీ పనికొస్తుంది. గాజు సీసాలో గుప్పెడు మట్టి, మంచి నీళ్లు పోసి గట్టిగా ఊపి కాసేపు వదిలేయండి. పైన ఇంద్రధనుస్సు తేలితే ఆ మట్టి ఇంకా తవ్వాల్సిందే. ఇది ల్యాబ్ టెస్టుకు బదులు కాదు, ఎక్కడిదాకా తవ్వాలో తెలుసుకోవడానికి మాత్రమే. ముక్కుతో వాసన చూడటం మానండి, బెంజీన్ పీల్చుకోవడానికి తగిన వస్తువు కాదు.

వాగు_ఒడ్డు
మళ్లీ కలుసుకుంటుంది మేడం. చిన్నప్పటి నుంచి చూస్తున్నాం.

పెర్త్_మట్టి
పశ్చిమ ఆస్ట్రేలియాలో ఇనుప గనుల్లో పర్యావరణం చూస్తాను, ఊరు గోదావరిఖని వైపే. ఇక్కడ ఇలాంటి మట్టిని ఎక్కువగా సైట్‌లోనే శుద్ధి చేస్తాం. అడుగున లైనర్ లేదా గట్టి మట్టి, చుట్టూ గట్టు, ఒక మూల సంప్. మట్టిని పలచగా పరిచి, యూరియా, డీఏపీ లాంటివి వేసి, తడి ఉంచుతూ ట్రాక్టర్‌తో తిరగేస్తుంటే మట్టిలోని బాక్టీరియానే ఆయిల్ తినేస్తుంది. కార్బన్, నైట్రోజన్, ఫాస్ఫరస్ 100:10:1 దగ్గర ఉంచాలన్నది పాత లెక్క. డీజిల్ నెలల్లో బాగా దిగుతుంది.

ఇక్కడ ల్యాబ్ రిపోర్టు ఒకే నంబరు కాదు, నాలుగు ముక్కలుగా వస్తుంది: సి6–సి10, సి10–సి16, సి16–సి34, సి34–సి40. ఏ ముక్క ఎంత ఉందో చూసి ఆ మట్టి ఎక్కడికి పోవాలో తేలుస్తారు. ఈ పద్ధతి మనవాళ్లకూ పనికొస్తుంది. తేలిక ముక్క ఎక్కువుంటే శుద్ధి సులువు, బరువు ముక్క ఎక్కువుంటే మొండికేస్తుంది.

ఫారం_పది
పెర్త్ అన్నా, పద్ధతి బాగుంది కానీ ఇక్కడ పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) అనుమతి లేకుండా అలాంటి పరుపు వేస్తే దాన్నే అక్రమ నిల్వ అంటారు. నిల్వకే 90 రోజుల గడువు, బోర్డు ఒప్పుకుంటే కొన్ని సందర్భాల్లో 180. నీ మట్టి శుద్ధికి నెలలు పడితే ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. పైగా కాంట్రాక్టరు వెళ్లిపోతున్నాడు. రేపు ట్రాక్టర్ తిప్పేదెవరు?

పెర్త్_మట్టి
అది నిజం. వెళ్లిపోయేవాడికి ఇది సరిపోదు. గని యాజమాన్యం చేయాలి, ఏళ్ల తరబడి వర్క్‌షాపు నడిపేది వాళ్లే కాబట్టి. మన దేశంలోనూ టెరీ అనే పరిశోధన సంస్థ వాళ్లు ఆయిల్‌జాపర్ అని బాక్టీరియా మిశ్రమం తయారుచేశారు, చమురు కంపెనీల బురద గుంతల్లో వాడారు. సాధ్యం కాదని మాత్రం అనకండి.

ల్యాబ్_లక్ష్మి
సాధ్యమే, కానీ షెడ్డు మట్టికి కాదు. బాక్టీరియా సీసాన్నీ జింక్‌నూ తినదు. టీపీహెచ్ దిగిపోయి లోహాలు అలాగే మిగిలిన మట్టిని "శుద్ధి అయింది" అని పొలం పక్కన పోస్తే అది మోసమే.

డోజర్_అన్న
మా దగ్గర ఒకాయన వచ్చి "ఆయిల్ మట్టి నాకివ్వండి, ఇటుక బట్టీలో వాడుకుంటా, డబ్బులు కూడా ఇస్తా" అన్నాడు. మేనేజర్ సంబరపడిపోయాడు.

ఫారం_పది
అస్సలు ఇవ్వద్దు. బట్టీలో అది సగం మండి, సగం పొగై ఊరి మీద పడుతుంది. వాడేసిన ఆయిల్ సంగతీ అంతే. సెంట్రింగ్ పలకలకు పూయడానికి డ్రమ్ముల లెక్కన కొనుక్కుపోతారు. అనుమతి ఉన్న రీసైక్లర్‌కు తప్ప ఎవరికిచ్చినా కేసు ఇచ్చినవాడి మీదకే వస్తుంది. ఆ మట్టి ఎక్కడ తేలినా "ఎక్కణ్నుంచి వచ్చింది" అనే అడుగుతారు, "ఎవరు మోశారు" అని కాదు.

బొగ్గు_రిటైర్డ్
ఒక మాట. ఓబీ డంపులో పోయొద్దనడానికి నీళ్లే కాదు, నిప్పు కూడా కారణం. మన డంపుల్లో బొగ్గు ముక్కలు, కార్బన్ ఉన్న షేల్ కలిసే ఉంటాయి. వాటంతట అవే వేడెక్కి పొగ రావడం ఈ ఫీల్డులో అందరూ చూసిందే. అలాంటి చోట డీజిల్ మట్టి పూడ్చడమంటే ఇంధనం తీసుకెళ్లి ఇవ్వడమే. నేను సర్వీసులో ఉన్నప్పుడు ఒక డంపు వాలులో పొగ ఆర్పడానికి నానా తంటాలు పడ్డాం. ఈ కారణం మీ మేనేజర్‌కు చెప్పండి తమ్ముడూ, వాగు గురించి వినకపోయినా నిప్పు గురించి వింటాడు.

ఓసీ_పర్యావరణం
చెప్పాను సార్. విన్నాడు. ఇప్పుడు ఇంకో ఐడియా ఇస్తున్నాడు, "ఒక్కో బండికి మంచి మట్టి నాలుగు బండ్లు కలిపేద్దాం, 5,000 కిందకు వచ్చేస్తుంది, అప్పుడు టెస్టు చేయిద్దాం" అని.

ల్యాబ్_లక్ష్మి
పలచన చేస్తే ఆయిల్ ఒక్క గ్రాము కూడా తగ్గదు. పాడైన మట్టి మాత్రం ఐదింతలవుతుంది. తర్వాత అది పట్టుబడితే ఆ ఐదింతల మట్టికీ డబ్బు కట్టాలి. అందుకే పాడైన మట్టిని మంచి మట్టి నుంచి ఎంత జాగ్రత్తగా విడదీస్తే అంత ఖర్చు మిగులుతుంది.

ఇంకో మెలిక చూడండి. తడి బరువు మీద 4,200 వచ్చిందనుకోండి. మట్టిలో 20 శాతం నీరుంటే పొడి బరువు మీద అదే మట్టి 5,250. రిపోర్టులో ఏ బరువో రాయించండి. రెండు ల్యాబుల రిపోర్టులు తేడా వచ్చాయని గొడవపడే చోట నేను ముందు చూసేది ఇదే.

మట్టి_లెక్కలు
పరిమాణం కూడా అంచనా వేసుకో. బంకు చోటు 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు అనుకుందాం. అర మీటరు లోతు దిగితే 30 క్యూబిక్ మీటర్లు. క్యూబిక్ మీటరుకు 1.6 టన్నులు వేసుకుంటే 48 టన్నులు. మీరు గీకిన రెండు బండ్లతో ఇది అయిపోదు. నల్లరేగడి అయితే పగుళ్ల వెంట డీజిల్ చాలా లోతుకు పోతుంది. తవ్విన గుంత అడుగు నుంచీ నాలుగు గోడల నుంచీ శాంపిళ్లు తీసి, అవి శుభ్రంగా వచ్చాకే పూడ్చాలి. ఆ రిపోర్టు లేకుండా స్థలం అప్పజెప్పావంటే రేపు వచ్చే కాంట్రాక్టరు కార్చింది కూడా నీ ఖాతాలోనే వేస్తారు.

బెంచి_బాబాయ్
ఇది మాత్రం బంగారం లాంటి మాట. స్థలం తీసుకున్న రోజు శాంపిల్ తీయలేదా తమ్ముడూ? మీకంటే ముందు అక్కడ ఎవరి క్యాంపు ఉండేది?

ఓసీ_పర్యావరణం
నేను చేరేటప్పటికే క్యాంపు ఉంది బాబాయ్. ముందువాళ్ల కాగితాలేవీ లేవు.

చట్టం_చూద్దాం
2025లో కేంద్రం కలుషిత స్థలాల రూల్స్ తెచ్చింది కదా, పాడు చేసినవాడే శుభ్రం చేయాలి అని. దాని కింద గని యాజమాన్యాన్ని అడగొచ్చేమో.

ఫారం_పది
ఆ రూల్స్‌లో మైనింగ్ కార్యకలాపాల వల్ల వచ్చిన కాలుష్యాన్ని పక్కన పెట్టారు. వర్క్‌షాపు లీకేజీ "మైనింగ్ కార్యకలాపం" అవుతుందా అన్నది వాదించాల్సిన విషయం. ఈ తమ్ముడికి అంత టైమ్ లేదు. 2016 రూల్స్ చాలు, అందులో బాధ్యత ఆ వ్యర్థం ఎవరి ఆవరణలో ఉందో వాళ్లది. కాంట్రాక్టరు, యాజమాన్యం ఇద్దరూ కూర్చుని ఆథరైజేషన్ ఎవరి పేరు మీద ఉందో ముందు చూసుకోండి. సాధారణంగా గని సీఎఫ్ఓ (గని నడపడానికి బోర్డు ఇచ్చే అనుమతి)తో పాటే ఉంటుంది. అందులో 5.2 కింద ఏడాదికి ఎంత పరిమాణం రాశారో చూడండి. దానికి మించితే బోర్డుకు ముందే చెప్పాలి.

ఇక పంపడం. హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో టీఎస్‌డీఎఫ్ (ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేసి, పూడ్చే కేంద్రం) ఉంది, ఏపీలో అయితే విశాఖ దగ్గర పరవాడ. ముందు వాళ్లకు శాంపిల్ పంపాలి. వాళ్ల ల్యాబ్ చూసి నేరుగా ల్యాండ్‌ఫిల్లా, ఏదైనా కలిపి గట్టిపరచాలా, కాల్చాలా అన్నది చెబుతారు. ఆయిల్ కారుతూ తడిగా ఉంటే ల్యాండ్‌ఫిల్‌కు తీసుకోరు. సిమెంటు కర్మాగారాల కిల్న్‌లో వేయడం ఇంకో దారి. లోపల పదార్థం 1,450 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, ఆయిల్ పూర్తిగా కాలిపోతుంది, మట్టి క్లింకర్‌లో (సిమెంటుగా పొడి చేసే గడ్డల్లో) కలిసిపోతుంది. అయితే ఆ ఫ్యాక్టరీకి ఈ రకం వ్యర్థానికి అనుమతి ఉండాలి.

బండి అనుమతి ఉన్నదే కావాలి, గనిలో తిరిగే టిప్పర్ కాదు. ఫారం 8 లేబుల్, డ్రైవర్ చేతికి ఫారం 9 (ప్రమాదమైతే ఏం చేయాలో చెప్పే కార్డు), ఫారం 10 మ్యానిఫెస్ట్ (రవాణా పత్రం) ఏడు కాపీలు. తెల్లది బోర్డుకు, పసుపుది మీ దగ్గర. మట్టి తీసుకున్నవాళ్ల నుంచి నీలం కాపీ తిరిగి మీకు రావాలి.

బొగ్గు_రిటైర్డ్
అప్పటిదాకా ఆ కుప్ప ఎక్కడుంది? వానకు తడిస్తే అంతా వృథా.

ఓసీ_పర్యావరణం
సిమెంటు గచ్చు మీదకు మార్చాను సార్, కింద మందం పాలిథిన్, పైన టార్పాలిన్, చుట్టూ ఇసుక బస్తాలు. బంకు కుప్ప, షెడ్డు కుప్ప వేరుగా పెట్టాను. కాటన్ వేస్టు, ఫిల్టర్లు డ్రమ్ముల్లో ఉన్నాయి.

బొగ్గు_రిటైర్డ్
బాగుంది. టార్పాలిన్ కింద ఆవిరి పేరుకుంటుంది, తీసేటప్పుడు బీడీ సిగరెట్ దగ్గరికి రానివ్వద్దు. బోర్డు పెట్టించు, తెలుగులో, హిందీలో. ఆపరేటర్లలో సగం మంది బయటి రాష్ట్రాలవాళ్లే.

ఓసీ_పర్యావరణం
అప్‌డేట్ ఇస్తున్నాను. ల్యాబ్ రిపోర్టులు వచ్చాయి, అన్నీ పొడి బరువు మీద. డీజిల్ బంకు కుప్ప 5,000కు బాగా పైన ఉంది, గీతలో లక్ష్మి మేడం చెప్పిన ముళ్ల వరస స్పష్టంగా కనపడింది. షెడ్డు కుప్ప టీపీహెచ్ 5,000 కిందే ఉంది కానీ టీసీఎల్‌పీలో సీసం లీటరుకు 5 దాటింది. బ్యాటరీలు విప్పిన మూలే అది. ఆయిల్ పడని చోటి మట్టిలోనూ కొంత టీపీహెచ్ వచ్చింది, బొగ్గుదే. ఆ శాంపిల్ లేకపోతే గుంత గోడల నంబరు చూసి ఇంకా తవ్వుతూనే ఉండేవాళ్లం.

రెండూ టీఎస్‌డీఎఫ్‌కే పంపుతున్నాం. మేనేజర్ ఒప్పుకున్నాడు, గని పర్యావరణ అధికారి కూడా వచ్చి గుంత చూసి వెళ్లాడు. అడుగు శాంపిళ్లు శుభ్రం, తూర్పు గోడ ఒక్కటి ఇంకా పైన ఉంది, మళ్లీ తవ్వుతున్నాం.

డోజర్_అన్న
చూశావా, టీపీహెచ్ ఒక్కటే చేయించి ఉంటే షెడ్డు మట్టి పాసైపోయేది.

ల్యాబ్_లక్ష్మి
అవును. అందుకే రెండు కుప్పలూ కలపొద్దన్నాను. తూర్పు గోడ బయట ఏముంది? డీజిల్ పైపు ఏమైనా అటు పోయిందా?

ఓసీ_పర్యావరణం
పాత పైపు ఒకటి నేలలో దొరికింది మేడం, జాయింటు దగ్గర తుప్పు పట్టి ఉంది. దాని వెంటే తవ్వుతున్నాం. వాగు వైపే పోతోంది.

వాగు_ఒడ్డు
తమ్ముడూ, ఆ పైపు చివరిదాకా తవ్వండి. వాగు దగ్గర నీళ్ల శాంపిల్ తీసేటప్పుడు మా ఊరివాళ్లను ఒకరిద్దరిని పిలవండి, మేమూ నిలబడతాం.

ఓసీ_పర్యావరణం
పిలుస్తాను అన్నా. వానలు పడేలోపే పెట్టుకుందాం. మీ ఊరి పేరు ఇక్కడ రాయకుండా నాకు విడిగా మెసేజ్ పెట్టండి.

ఫారం_పది
నీళ్ల శాంపిల్ పైపు చివర ఒకటి, దానికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి తీయండి. అన్నీ గాజు సీసాలే, యాసిడ్ వేసినవి ల్యాబే ఇస్తుంది. సీసాను ముందు వాగు నీటితో కడగొద్దు, ఆయిల్ గోడలకు అంటుకుపోతుంది. పైపు సంగతి గని అధికారికి ఈరోజే రాతపూర్వకంగా ఇవ్వు, ఫోన్లో చెప్పి వదిలేయకు.